నిలిపి ఉంచిన క్యాంపర్‌లోకి ఎలుకలు, పురుగులు చేరకుండా: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

అరకు వెళ్లొచ్చాక క్యాంపర్‌ని, అంటే లోపలే వండుకుని పడుకునేలా కట్టించుకున్న బండిని, మళ్లీ కదిపేది దసరాకో సంక్రాంతికో. ఈలోగా అందులో ఎవరు కాపురం పెట్టారో మనకి తెలియదు. నేను ఒక పాత ట్రావెలర్ వ్యాన్‌ని క్యాంపర్‌గా కట్టించుకుని మధురవాడలో ఒక ఖాళీ స్థలంలో నిలుపుతున్నాను. ఒక పక్క కొండ, వెనక కాలువ. కొత్తగా బండి కట్టించుకున్నవాళ్లు నన్ను అడిగేవీ, నేనే ముందు ఎవరినైనా అడిగి ఉంటే బాగుండేదనిపించినవీ ఇక్కడ రాశాను.

బండిలో తిండే లేదు కదా, ఎలుకకి అక్కడ పనేంటి?

తిండి కోసమే వస్తుందనుకుంటాం, అక్కడే దెబ్బతింటాం. ఎలుకకి ముందు కావలసింది పొడిగా, చీకటిగా, ఎవరూ కదిలించని చోటు. పరుపులో స్పాంజి ఉంది, గోడల్లో ఇన్సులేషన్ ఉంది, డ్రాయర్‌లో టిష్యూ పేపర్ ఉంది. గూడు కట్టడానికి ఇంకేం కావాలి? తిండికి బయట చెత్తకుప్ప ఉండనే ఉంది. రాత్రి అక్కడ తిని, పగలు మన పరుపులో పడుకుంటుంది. చిట్టెలుక కడుపుతో ఉండేది మూడు వారాలే, కాన్పుకి ఐదారు పిల్లలు. నెల తర్వాత తలుపు తీస్తే మీకు కనిపించేది ఒక్క ఎలుక కాదు, సంసారం.

పైగా తిండి లేదని మనం అనుకుంటాం గానీ, సీటు సందులో జంతికల ముక్కలుంటాయి. బాత్రూంలో సబ్బు ఉంటుంది. సబ్బు కూడా తింటాయి.

ఏ నెలల్లో బెడద ఎక్కువ?

విదేశీ వీడియోల్లో చలికాలం వస్తే జాగ్రత్త అంటారు. మన చలికి ఎలుకలేం వణకవు. మనకి వానలే సమస్య. బొరియల్లోకి నీళ్లు దిగగానే మెట్ట చోటు వెతుక్కుంటాయి. చక్రాల మీద నిలబడిన పొడి గది కంటే మెట్ట చోటు ఏముంది? జూన్‌లో ఒక విడత, అక్టోబరు, నవంబరు తుపాను వానల్లో ఇంకో విడత. ఆనందపురం, పెందుర్తి వైపు పొలాల పక్కన నిలిపేవాళ్లకి వరి కోతలయ్యాక మూడో విడత కూడా ఉంటుంది, అప్పటిదాకా చేలో తిన్నవి ఊళ్లోకి మళ్లుతాయి.

ఎంత సందుంటే దూరుతుంది?

పెన్సిల్ పట్టే కన్నం చాలు, చిట్టెలుకకి. లెక్కలో చెప్పాలంటే 6 మిల్లీమీటర్లు. పెద్ద ఎలుకకి ఇంచుమించు 12, అంటే అర అంగుళం. తల దూరితే ఒళ్లు వెనకాలే వచ్చేస్తుంది.

కన్నాలు కళ్లతో వెతికితే దొరకవు. నేను చేసేది ఇది. చీకటి పడ్డాక లోపల లైట్లన్నీ వేసి, తలుపులు మూసి, బయట చాప పరుచుకుని బండి కింద పడుకుంటాను. కింద ఎక్కడ వెలుగు చుక్క కనిపిస్తే అక్కడ చాక్‌పీసుతో గుర్తు. తర్వాత దీనికి తిరగేసి, మా అబ్బాయి బయట నుంచి టార్చ్ కొడుతుంటే నేను లోపల సొరుగులు లాగి చూస్తాను. మొదటిసారి మా బండికి పదకొండు కన్నాలు తేలాయి. అందులో ఏడు ఫ్యాక్టరీవి కావు, క్యాంపర్ కట్టినప్పుడు మన మనిషి డ్రిల్లు పెట్టి వేసినవే. సింకు నీళ్ల పైపు కోసం ఒకటి, గ్యాస్ గొట్టానికి ఒకటి, బ్యాటరీ వైర్లకి రెండు. పావు అంగుళం పైపుకి ముప్పావు అంగుళం కన్నం వేసి వదిలేశాడు.

వీటితో పాటు వెనక తలుపు రబ్బరు బీడింగ్ అడుగున మూలలు, పెడల్స్ దగ్గర వైర్లు దూరే కన్నాలకుండే రబ్బరు గ్రోమెట్లు, ఏసీ గాలి లోపలికి పీల్చే చోటు, రూఫ్ వెంట్, చక్రం పైన మడ్‌గార్డ్ లోపలి అతుకులు కూడా చూడండి. ఏసీ దారి చాలామందికి తట్టదు. బ్లోయర్ వేస్తే ఎండు గడ్డి పోచలు మొహం మీద పడ్డాయంటే ఇక చెప్పేదేముంది.

సందులు దేనితో మూయాలి? స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పీచు) అంటున్నారు కదా?

ఆ సలహా సముద్రం లేని ఊళ్లకి. రుషికొండ, ఎండాడ, ఎంవీపీ కాలనీ గాలిలో మామూలు స్టీల్ ఊల్ ఒక్క వానాకాలం నిలవదు. తుప్పు పట్టి పొడై రాలిపోతుంది, పోతూ పోతూ పక్కనున్న బాడీ రేకుకి కూడా తుప్పు అంటిస్తుంది. నేనూ మొదట అదే కుక్కాను. మూడు నెలలకి కన్నంలో ఎర్రటి పొడి మిగిలింది.

గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీల్ పీచు వాడండి. కొనేముందు అయస్కాంతం పెట్టి చూడండి, గట్టిగా అంటుకుంటే వద్దు. దాన్ని కన్నంలో బిగించి కుక్కి, పైన ఎంసీల్ గానీ సిలికాన్ గానీ పూయండి. పీచు లేకుండా ఒట్టి సిలికాన్ పూస్తే కొరికేస్తాయి. స్ప్రే ఫోమ్ అయితే మరీ అన్యాయం, కన్నం మూసినట్టే కనిపిస్తుంది గానీ ఎలుకకి అది బజ్జీ లాంటిది, పైగా గూటికి సామాను కూడా.

గాలి ఆడాల్సిన చోట, అంటే ఫ్రిజ్ వెనక, రూఫ్ వెంట్ దగ్గర, స్టెయిన్‌లెస్ జాలీ స్క్రూలతో బిగించాలి. మొత్తం బిగుతుగా మూసేస్తే మన ఊరి ఉక్కకి లోపల బూజు పట్టి పరుపు కంపు కొడుతుంది. గ్యాస్ సిలిండర్ పెట్టే పెట్టె అడుగున ఉండే గాలి కన్నం మాత్రం ఎప్పుడూ పూర్తిగా మూయొద్దు. గ్యాస్ లీకైతే గాలి కంటే బరువు కాబట్టి కిందికే దిగుతుంది, బయటికి పోవాల్సింది ఆ దారినే. దానికి జాలీయే వేయాలి.

బండి ఎక్కడ నిలపాలి?

సెల్లార్‌లో పడితే అదృష్టం. పైన ఏసీ ఉన్న బండ్లు చాలా సెల్లార్లలో పట్టవు. ఖాళీ స్థలమైతే గడ్డి కొట్టించి, చక్రాల కింద సిమెంటు పలకలు వేయండి. చుట్టూ రెండు మూడడుగుల నేల బోసిగా ఉండాలి, ఎలుక ఆరుబయట నడవడానికి జంకుతుంది. చెత్త కుండీకి, టిఫిన్ బండికి, కాలువకి ఎంత దూరమైతే అంత మంచిది. గోడకి ఆనించి పెట్టకండి.

చెట్టు నీడ ఆశగానే ఉంటుంది. కానీ కొబ్బరి చెట్టెక్కే ఎలుకలకి రూఫ్ మీదికి దూకడం ఒక లెక్క కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు చెట్ల కింద బండ్లకి ఏమైందో చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

నిలిపే ముందు ఏం తీసేయాలి?

ఉప్పు, కారం, పప్పులు సహా వంటసామాను అంతా. డబ్బాల్లో ఉన్నా సరే, ప్లాస్టిక్ డబ్బా ఎలుకకి ఒక రాత్రి పని. పరుపులు ఇంటికి తెచ్చుకోగలిగితే తెచ్చుకోండి, లేకపోతే నిలబెట్టి ఉంచండి. దుప్పట్లు, టిష్యూలు, పాత పేపర్లు, అట్టపెట్టెలు అన్నీ దించేయాలి. సొరుగులు, అల్మరా తలుపులు తెరిచి వదిలేయండి. చీకటి మూలలు ఎంత తగ్గితే అంత మేలు.

ఇంకొకటి, సింకు జాలీ కింద ఇరుక్కున్న అన్నం మెతుకులు. ఎండు చేపలు వండుకుని వచ్చిన ట్రిప్పు తర్వాత అయితే స్టవ్ ఎత్తి కింద కూడా తుడవాలి. ఆ వాసన మనకి రెండు రోజుల్లో పోయిందనిపిస్తుంది, వాటికి పోదు.

కలరా ఉండలు వేస్తే సరిపోదా? పిప్పరమెంటు నూనె? ఆ కీచుమనే మెషీన్లు?

కలరా ఉండల పక్కనే గూడు కట్టిన ఎలుకని నేను చూశాను. మూసిన బండిలో ఆ ఆవిరి నిండితే ఇబ్బంది మనకే, చిన్నపిల్లలున్న ఇంటివాళ్లు అసలు వాడకండి. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉన్న పిల్లలకి ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల రక్తకణాలు విరిగిపోవచ్చు.

పిప్పరమెంటు నూనె నాలుగు రోజులు మంచి వాసన వేస్తుంది, అంతే. అల్ట్రాసోనిక్ మెషీన్ల గొప్పలు చూసి అమెరికాలో వాణిజ్య నియంత్రణ సంస్థ 2001లోనే అరవైకి పైగా కంపెనీలకి హెచ్చరిక లేఖలు రాసింది, మీరు చెప్పేదానికి ఆధారం చూపించాలని. ఆ డబ్బుతో జాలీ కొనండి.

ఎలుకల మందు పెట్టొచ్చా?

బండి లోపల వద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు.

మందు తిన్న ఎలుక దాహంతో బయటికి పోయి చస్తుందని కొట్లో చెబుతారు. నేనూ నమ్మాను. బిళ్లలుగా దొరికే బ్రోమాడియోలోన్ రకం రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, తిన్న కొన్ని రోజులకి గానీ చావు రాదు. ఆ కొన్ని రోజులూ నీరసంగా ఉన్న ఎలుక ఎక్కడికి పోతుంది? గూటికే పోతుంది. మా బండిలో గూడు ఎడమ గోడ ప్యానెల్ వెనక. వారం తర్వాత తలుపు తీస్తే వాసన చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఎక్కడిదో తెలియక ముందు మంచం విప్పాం, తర్వాత సింకు. చివరికి ప్యానెల్ లాగితే మా ఆవిడ శాలువా తాలూకు ఊదారంగు దారాలు, స్పాంజి ముక్కలు కలిపి చక్కగా అల్లిన గిన్నె లాంటి గూడు, అందులో అది. ఇన్సులేషన్ రెండు మీటర్లు కోసి పారేశాం. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది.

ఆ మందు తిన్న ఎలుకని పిల్లి తిన్నా, గుడ్లగూబ తిన్నా వాటికీ ముప్పే. పసుపు ఫాస్ఫరస్ ఉన్న పేస్టులు ఇంట్లో కూడా పెట్టుకోకండి, మనిషి కడుపులోకి పోతే దానికి విరుగుడు లేదు. ధాన్యంలో పెట్టే ఫాస్ఫైడ్ మాత్రలు ఇంకా ప్రమాదం. చెమ్మ తగిలితే విషవాయువు వస్తుంది. బండిలో పెడితే పడుకున్నవాళ్ల ప్రాణం పోతుంది. పిల్లలెవరైనా ఏ మందైనా నోట్లో పెట్టుకుంటే లక్షణాల కోసం చూడకుండా, ఆ ప్యాకెట్ పట్టుకుని కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర్లోని ఆసుపత్రికో వెళ్లండి. ఏ మందో తెలిస్తేనే డాక్టర్లు చికిత్స త్వరగా మొదలుపెట్టగలరు.

మరి బోనా, జిగురు అట్టా?

బోను. జిగురు అట్ట మీద ఎలుక గంటలు గంటలు కొట్టుకుంటూ చస్తుంది, చూడలేం. పైగా బల్లులు, పిట్టలు కూడా అంటుకుంటాయి.

ఎలుక గోడ వెంబడే నడుస్తుంది, కాబట్టి బోను గోడకి ఆనించి పెట్టండి, మధ్యలో కాదు. ఎరకి కాల్చిన కొబ్బరి ముక్కని మించింది లేదు. ఉల్లిపాయ పకోడీ రెండో స్థానం. మా వాచ్‌మన్ ఎండు రొయ్య అంటాడు, అది చీమల్ని కూడా పిలుస్తుంది. పెద్ద ఎలుకకి కొత్త వస్తువంటే అనుమానం. రెండు మూడు రోజులు బోను తలుపు కట్టేసి, ఊరికే తిననిచ్చి, నాలుగో రోజు బిగించండి. చిట్టెలుకకి అంత తెలివి లేదు, మొదటి రాత్రే పడుతుంది. బోను పెట్టినన్నాళ్లూ రోజూ చూడాలి. చూడలేనివాళ్లు పెట్టకపోవడమే నయం.

లోపలికి వచ్చింది ఎలుకా, చుంచా, పందికొక్కా?

పెంటికలు చూడండి. జీలకర్ర గింజంత ఉంటే చిట్టెలుక. అర అంగుళం, అంతకు మించి ఉంటే పెద్ద ఎలుక. మిరియాల పొడి చల్లినట్టుంటే బొద్దింకలు. బండంతా ఒక రకం ఘాటు కంపు ఉండి, కొరికిన గుర్తులు లేకపోతే చుంచు. చుంచు చూడటానికి ఎలుక లాగే ఉంటుంది గానీ ఎలుక జాతి కాదు, తినేది పురుగుల్ని. దాన్ని చంపక్కర్లేదు, సందు మూస్తే చాలు.

పందికొక్కు బండిలోకి ఎక్కడం తక్కువ, అది నేల తవ్వే జాతి. చక్రం కింద బొరియ పెడితే పలక కుంగి బండి ఒక పక్కకి ఒరుగుతుంది. అన్నట్టు, ఇంగ్లీషువాళ్ల బాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచి వెళ్లిందే.

ఎలుకలు తిరిగిన బండి ఎలా శుభ్రం చేయాలి?

చీపురు పట్టుకోకండి. వాక్యూమ్ కూడా వద్దు. ఎండిన పెంటికల దుమ్ము లేస్తే అది మన ఊపిరితిత్తుల్లోకే. అన్ని తలుపులూ తీసి అరగంట ఆగండి. మాస్కు, రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి పది వంతుల నీళ్లు కలిపి, పెంటికలూ మరకలూ తడిసేలా చల్లి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత పాత పేపర్లతో ఎత్తి కవర్లో మూట కట్టండి. బ్లీచ్‌లో టాయిలెట్ యాసిడ్ కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, ముఖ్యంగా కాళ్లకి చేతులకి పుండ్లున్నవాళ్లకి. ఎలుకల ఒంటి మీద ఉండే సూక్ష్మమైన పురుగుల పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ రావచ్చు. శుభ్రం చేసిన రెండు వారాల్లో జ్వరం వచ్చినా, ఒంటి మీద నల్లటి పొక్కు కనిపించినా డాక్టరుకి ఎలుకల సంగతి చెప్పండి. చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?

వైర్లు కొరికితే?

ఎలుక ముందుపళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. అరగదీసుకోవడానికి ఏదో ఒకటి కొరకాలి, ఆకలితో సంబంధం లేదు. మా బండి ఫ్యాను తిరగకపోతే ఆటోనగర్ తీసుకెళ్లాను. ఎలక్ట్రీషియన్ బానెట్ ఎత్తి నా వైపు చూశాడు. "ఏటి సార్, ఎలకలకి అద్దెకిచ్చేరా బండి?" అన్నాడు. హెడ్‌లైట్ వైరు మీద తొడుగు ఒక జానెడు మేర లేదు, రాగి తీగ తళతళ మెరుస్తోంది.

నిలిపేటప్పుడు బ్యాటరీ కట్-ఆఫ్ స్విచ్ ఆపేయండి, తీగ తేలినా నిప్పు పుట్టదు. బానెట్ తెరిచే ఉంచమని కొందరు చెబుతారు, చీకటి లేకపోతే ఎలుక నిలవదని. సెల్లార్‌లో అయితే పనిచేస్తుంది, ఆరుబయట వానలో ఎలా కుదురుతుంది?

గ్యాస్ గొట్టం విషయంలో పొదుపు చూసుకోకండి. లోపల ఉక్కు తీగ అల్లిన నారింజరంగు సురక్ష గొట్టమే వేయండి, దాన్ని కూడా ఐదేళ్లకి మార్చాలి. నిలిపినప్పుడు సిలిండర్ వాల్వ్ కట్టేయాలి. మళ్లీ వాడేముందు గొట్టం పొడవునా సబ్బు నీళ్లు రాసి, బుడగలు వస్తాయేమో చూడాలి. తలుపు తీయగానే గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్ ముట్టుకోకుండా అన్నీ తెరిచి దూరంగా నిలబడండి.

చీమలు, బొద్దింకలు?

చీమ నేల నుంచే ఎక్కాలి. నాలుగు చక్రాలు, బండి కదలకుండా కింద ఆన్చే జాకీలు, కరెంటు తీగ, ఇవే దారులు. టైరు చుట్టూ నేల మీద చీమల చాక్‌పీసు గీత గీయండి, వాన పడితే మళ్లీ గీయాలి. జాకీ కాళ్లకి గ్రీజు పూయొచ్చు. టైరుకి మాత్రం పూయకండి, రబ్బరు పాడవుతుంది.

బొద్దింకల్ని మనమే తెచ్చుకుంటాం, పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన ఉల్లిపాయల సంచిలోనో అట్టపెట్టె మడతల్లోనో. చిన్న గోధుమరంగు రకం గుడ్ల తిత్తి ఒక్కదాంట్లోనే ముప్ఫై నలభై గుడ్లుంటాయి. స్ప్రే కొడితే కనిపించినవి చస్తాయి, మిగతావి లోపలికి నక్కుతాయి. సిరంజిలో దొరికే జెల్ మంచిది. తలుపు కీళ్ల దగ్గర, ఫ్రిజ్ వెనక కందిగింజంత చుక్కలు పెట్టండి. జెల్ పెట్టిన చోట స్ప్రే కొడితే రెండూ వృథా, బొద్దింక జెల్ జోలికి రాదు.

బండికి చెదలు పడతాయా?

పడతాయి. మట్టిలోంచి టైరు మీదుగా, జాకీ కింద పెట్టిన చెక్క ముక్క మీదుగా మట్టి గొట్టం కట్టుకుంటూ పైకొస్తాయి. చెక్క దిమ్మల బదులు సిమెంటు దిమ్మలు వాడండి. కట్టించేటప్పుడే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై (తడికి, పురుగుకి తట్టుకునేలా చేసిన ప్లైవుడ్) అడగండి.

దోమలు?

నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి మూత బిగించండి. పైన కప్పిన టార్పాలిన్ మడతల్లో నిలిచే గ్లాసుడు నీళ్లు చాలు డెంగీ దోమకి, వారం పది రోజుల్లో కొత్త దోమలు లేస్తాయి. దాని గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, కాబట్టి ఏసీ ట్రేలాంటివి ఒంపేస్తే చాలదు, గీకి కడగాలి.

కందిరీగలు?

మట్టి గూళ్లు కట్టే రకం సన్నటి గొట్టం కనిపిస్తే వదలదు. హీటర్ పొగ గొట్టం, జనరేటర్ సైలెన్సర్ చూసుకున్నాకే స్టార్ట్ చేయండి. పొగ బయటికి పోయే దారి మూసుకుపోతే అది లోపలికే వస్తుంది.

పాము వస్తుందా?

ఎలుక ఉన్న చోటికి వస్తుంది. కంబాలకొండ, సింహాచలం కొండల పక్క కాలనీల్లో ఇది కొత్త కాదు. ఎక్కువగా కనిపించేది జెర్రిపోతు, విషం లేదు. కానీ నాగుపాములూ ఉన్నాయి కాబట్టి గుర్తుపట్టే ప్రయత్నం మనకొద్దు. తలుపు తీసి, దూరంగా వచ్చి, అటవీ శాఖకో పాములు పట్టేవాళ్లకో ఫోన్ చేయండి. సొరుగుల్లోకి, మంచం కిందకి టార్చ్ లేకుండా చెయ్యి పెట్టకండి.

పిల్లిని పెంచితే?

మా స్థలంలో రెండు ఉన్నాయి. మధ్యాహ్నం బానెట్ మీద పడుకుంటాయి.

బీమా వస్తుందా?

పాలసీని బట్టి. ఎలుక కొరుకుడు సంగతి కొనేముందే మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. వైరింగ్ విప్పేముందు ఫొటోలు తీయండి.

ఎన్నాళ్లకోసారి వెళ్లి చూడాలి?

వారానికి. నెలకోసారి చాలనుకునేవాణ్ణి. "రేత్రి పూట లోన టకటకమని సప్పుడొస్తంది బాబూ" అని వాచ్‌మన్ చెప్పిన రోజుకి అవి వచ్చి చాలా రోజులైంది. ఇప్పుడు ఆదివారం పొద్దున్న వెళ్లి, అన్ని తలుపులూ తీసి, బానెట్ కొట్టి ఎత్తి, ఊళ్లో ఒక చుట్టు తిప్పుకొస్తాను. తరచూ కదిలే బండిలో ఎలుక గూడు పెట్టడం తక్కువ.

వచ్చేముందు తలుపు దగ్గర, మంచం కింద నేల మీద ముగ్గుపిండి పలచగా చల్లుతాను. రాతి ముగ్గే, బియ్యప్పిండి కాదు, అది వాటికి విందు. వారం తర్వాత టార్చ్ ఏటవాలుగా పెట్టి చూస్తే ఎవరు వచ్చారో, ఏ మూలకి వెళ్లారో తెలిసిపోతుంది. ఎలుకైతే అడుగుల మధ్య తోక ఈడ్చిన గీత ఉంటుంది. పోయిన ఆదివారం చూస్తే సింకు దగ్గర ఒక బల్లి నడిచి వెళ్లింది, అంతే. బల్లిని ఉండనిచ్చాను.